మొదటి ‘వద్దు’కే ఊరుకున్న మనిషి

ఎండాకాలంలో ఇరాన్‌లోని యజ్ద్ ఊరు తిరగాలంటే గోడలు వేడెక్కకముందే బయలుదేరాలి. అందుకే ఫర్హంగ్ నాహీద్‌ను చీకటితోనే రమ్మన్నాడు. ఏడాదిపాటు యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పినా, హాస్టల్ గదీ ల్యాబూ తప్ప ఆమె ఊరు చూడలేదు. ఉద్యోగం గడువు తీరిపోయింది. సాయంత్రం కెర్మాన్ రైలెక్కాలి.

ఊరు చూపిస్తానన్నాడు గానీ, అతని మనసులో ఉన్నది ఊరు కాదు. ఆమె ఆ రైలెక్కకూడదు. ఈ రాత్రి భోజనానికి ఉండిపోతే, తన అక్కయ్య ఎఫ్ఫత్ పద్ధతిగా పెళ్ళిమాట ఎత్తుతుంది. వెళ్ళిందా, కెర్మాన్‌లో ఆమె అన్నయ్య ఒక సంబంధం చూసి సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు.

మొదటి సందు మలుపులోనే అడిగేశాడు.

"రాత్రికి మా ఇంట్లో భోంచేసి రేపటి రైలుకు వెళ్ళండి. మా అక్కయ్య మిమ్మల్ని చూడాలంటోంది."

"అబ్బే, ఎందుకండీ మీకు శ్రమ!"

"సరే, మీ ఇష్టం" అన్నాడు ఫర్హంగ్.

ఆ తర్వాత నడక సాగింది గానీ కుదురు లేదు. మట్టిగోడల మధ్య సందులు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తున్నాయి. అతను పైకప్పు ఉన్న సందు చూసి నడిపిస్తే, ఆమె కావాలని ఎండలోకి వెళ్ళి నిలబడింది. గోపురం చూపిస్తే "ఊఁ" అంది. ఇళ్ళలోకి గాలిని దించే గాలిబురుజు చూపిస్తే వాచీ చూసుకుంది. తనేం తప్పు చేశాడో ఫర్హంగ్‌కు అంతుపట్టలేదు. ఎవరో పుణ్యాత్ములు వీధిలో పెట్టించిన చల్లనీళ్ళ కుళాయి కనబడితే, ఆమె దోసిట్లో నీళ్ళు పట్టి మొహం కడుక్కుంటున్నంతసేపూ అతని ప్రాణం కాస్త నెమ్మదించింది.

అక్కడే ఒక గుమ్మంలో దారం చుట్టుకుంటున్న ముసలావిడ తలెత్తింది.

"ఎండన పడి ఎక్కడికమ్మా? లోపలికి రండి, టీ తాగి వెళుదురు."

"వద్దు తల్లీ, మీరు చల్లగా ఉండాలి" అంది నాహీద్.

"నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి, రండి!"

"ఇంకోసారి వస్తాం."

"ఇంకోసారికి నేనుంటానో పోతానో! రా తల్లీ!"

నాహీద్ నవ్వేసి లోపలికి వెళ్ళి టీ తాగింది. బయటికొచ్చాక ఫర్హంగ్ వైపు ఒక్క చూపు చూసింది. అతనికి చెమటలు పోశాయి, ఎండకు కాదు.

మధ్యాహ్నం ఒక తోటలో, పెద్ద గాలిబురుజు కింది గదిలో కూర్చున్నారు. పైనుంచి గాలి దిగుతోంది. పుస్తకాలు తలకింద పెట్టుకుని ఇద్దరు ముగ్గురు విద్యార్థులు నిద్రపోతున్నారు. నాహీద్ గొంతు తగ్గించి అంది:

"ముక్కూమొహం తెలియని ముసలావిడ మూడుసార్లు పిలిచింది. మీరు? నా నోట్లోంచి వద్దన్న మాట పూర్తిగా రానేలేదు, పీడా వదిలిందన్నట్టు సరేనన్నారు!"

ఈ ఊళ్ళో మొదటి ‘వద్దు’ మర్యాద, రెండోది మొహమాటం. ఆ తర్వాతగానీ మనసు బయటపడదు. ఇక్కడే పుట్టి పెరిగిన ఫర్హంగ్‌కు తెలియదా?

"మా ఆవిడ తూబా ఆసుపత్రిలో నర్సుగా చేసేది" అన్నాడు చివరికి. "ఒక పెద్దాయన, నొప్పేమీ లేదమ్మా, నువ్వెళ్ళి పడుకో, అని మర్యాదకి పంపేశాడు. తెల్లారేసరికి పోయాడు. ఆ రోజు ఇంటికొచ్చి, మన ఇంట్లో మాటంటే మాటే, వద్దంటే వద్దే అంది. ఆవిడ పోయేదాకా అలాగే బతికాం. రెండోసారి అడగడం మరిచిపోయానండీ."

నాహీద్‌కు కోపం పోయింది, గొంతులో మాత్రం పంతం మిగిలింది.

"ఆవిడ ఇంట్లో ఆ పద్ధతి బాగానే ఉంటుంది. నేనింకా ఆ ఇంట్లోకి రాలేదుగా!"

‘ఇంకా’ అన్న మాట పట్టుకుని అతను సాయంత్రందాకా వేలాడాడు. ఫలూదా కొట్టు దగ్గర ధైర్యం చేసి మళ్ళీ అడిగాడు. "వద్దండీ, ఆలస్యమైపోతుంది" అంది, గిన్నెలోంచి తల ఎత్తకుండా. అది మొహమాటమా, నిజమా? ఆమె మొహం చూస్తే ఒకటనిపించింది, గొంతు వింటే ఇంకొకటి. చేతిలో ఫలూదా నీరైపోయింది.

స్టేషన్‌లో రైలు సిద్ధంగా ఉంది. కూలీ ఆమె పెట్టె లోపలికి చేర్చి వెళ్ళిపోయాడు.

"నాహీద్ గారూ" అన్నాడు ఫర్హంగ్. గొంతు కాస్త పెద్దదైంది, పక్కవాళ్ళు తిరిగి చూశారు. "ఉండిపోండి. భోజనానికి మాత్రమే కాదు, అది మీకూ తెలుసు. మీకు ఇష్టం లేదంటే ఇంక ఎప్పుడూ అడగను, బాధా పడను. సరే, బాధపడతాను. కానీ అడగను."

"ఇది మీ ఆవిడ పద్ధతా, ఊరి పద్ధతా?"

"రెండూ సరిగ్గా రావు నాకు."

ఆమె పెదవి బిగించింది. నవ్వు ఆపుకోవడానికే అని అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

"మీ అక్కయ్య కూరలో ఉప్పెక్కువేస్తుందా?"

"ఎక్కువే."

"అయితే చెప్పి ఉంచండి, నేను మొదటిరోజే మొహమాటం లేకుండా అనేస్తాను." అంతలో కూత వినబడింది. ఆమె ఉలిక్కిపడింది. "అయ్యో, పెట్టె! పెట్టె లోపలే ఉందండీ! ఉండండి, మీకెందుకు శ్రమ, నేనే..."

ఆమె మాట పూర్తయ్యేలోపే ఫర్హంగ్ రైల్లోకి దూకేశాడు.