కమ్లి పాటకు బెల్లం

కోదాడ వీధుల్లో నడుములోతు నీళ్లు పారిన మరుసటి ఏడు, ఎండాకాలంలో జరిగిందిది. గేమ్యా అప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సంచులు కుట్టేవాడు. ఆ వరదలోనే అతని భార్య కమ్లి, కోదాడలో ఉన్న బిడ్డ మంగ్లీని చూసి తిరిగొస్తూ వాగులో కొట్టుకుపోయింది. మనిషి మొదటినుంచీ మాట తక్కువ. ఆ తర్వాత ఆ నాలుగు మాటలూ పోయాయి. సంచి కుట్టేటప్పుడు మాత్రం, సూది దిగినప్పుడల్లా ఒక పాట వచ్చేది.

"నీళ్లొచ్చెనే కమ్లీ, నిన్ను దీస్కపాయెనే..."

మిల్లులో హమాలీలు అందుకున్నారు. ఎవరో ఫోన్లో పట్టారు. పాట ఊళ్లు పట్టుకుని తిరిగింది.

ఆ పాట కోసమే సూర్యాపేట నుంచి శశిధర్ పాలకీడు అవతల గేమ్యా ఉండే లంబాడీ తండాకు వచ్చాడు. దుకాణాలకు, పెళ్లిళ్లకు పాటలు కట్టి రికార్డు చేసే స్టూడియో అతనిది. ఈ పాటకు పేరడీ కడతానని, అసలు కట్టినవాడి ఒప్పుకోలు లేకపోతే యూట్యూబ్‌లో తీసేస్తారని చాలాసేపు చెప్పాడు. దేనికి కడతాడో మాత్రం చెప్పలేదు. తండావాళ్లు మాట ఇచ్చేటప్పుడు బెల్లం తింటారని దారిలో ఎవరో చెప్పారట, అరకిలో బెల్లం పట్టుకొచ్చి పళ్లెంలో పెట్టాడు.

ఆ చెప్పినవాడెవడో సగమే చెప్పాడు. ఇంటికొచ్చిన మనిషిని మొహం మీద కాదనడం ఆ తండాలో లేదు. ఇష్టమైతే బెల్లం నోట్లో వేసుకుంటారు. కాకపోతే ముట్టరు, అంతే. గేమ్యా ముట్టలేదు. శశిధర్ తనే ఒక ముక్క తిని, ముసలాయన పక్కన కూర్చుని వీడియో తీసుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు.

నెల తిరిగింది. ఒక శనివారం గేమ్యా బిడ్డ దగ్గరికని కోదాడలో బస్సు దిగాడు. ఎదురుగా మైకు కట్టిన ఆటో వస్తోంది. అతని పాటే. ఎవరిదో ఆడగొంతు, డప్పులు, మధ్యమధ్య నవ్వులు.

"నీళ్లు రానే రావే కమ్లీ, ప్లాటు దీస్కుందామే..."

గేమ్యా రోడ్డు మధ్యలోనే నిలబడిపోయాడు. వెనక లారీవాడు తిట్టినా కదల్లేదు. పేరైనా మార్చలేదు దొంగలు. చచ్చినదాన్ని పేరు పెట్టి పిలిచి ప్లాట్లు అమ్ముతున్నారు. మంగ్లీ ఇంటికి పోకుండా అటునుంచి అటే సూర్యాపేట బస్సెక్కాడు. ముందు సీటు కడ్డీ పట్టుకున్న చేయి సూర్యాపేట దాకా వదల్లేదు.

స్టూడియోలో శశిధర్ కుర్చీ వేశాడు. గేమ్యా కూర్చోలేదు.

"నా పాట తీసెయ్."

"గట్లంటవేంది తాతా? నీ ఇంటికొచ్చి అడిగిన గదా. వద్దన్నవా? వీడియో ఉంది, సూడు."

వీడియోలో గేమ్యా తల దించుకుని నేల చూస్తున్నాడు. ముందర పళ్లెంలో బెల్లం.

"ముట్టిన్నా?" అన్నాడు గేమ్యా.

"ఏంది, బెల్లమా? ముట్టలే."

"మరి ఇంకెట్ల జెప్పాలె?"

శశిధర్ ప్లాట్ల యజమాని జగదీశ్‌కు ఫోన్ చేశాడు. కోదాడ మనిషి, గొంతు పెద్దది, గదంతా వినపడింది.

"కోపంగా ఉన్నాడా? రేపు ఆదివారం, వెంచర్ దగ్గరికి తీసుకురా. కస్టమర్ల ముందు శాలువా కప్పుదాం. ఒక చరణం పాడిస్తే ఇంకా బాగుంటది."

గేమ్యా అది వింటూనే ఉన్నాడు కానీ చూపు కంప్యూటర్ మీదకు పోయింది. ప్లాట్ల బొమ్మ. రంగుల ఆర్చీ, వరసగా తెల్లరాళ్లు, వాటి వెనక వాగు, కల్వర్టు, పక్కనే తుమ్మకంప. ఆ కంపలోనే మూడోరోజు కమ్లి దొరికింది. రవిక అద్దాలు ఎండకు మెరిస్తే ఆనవాలు పట్టింది అతనే.

"గా ప్లాట్లు గీడనేనా?" అని వేలు పెట్టి చూపించాడు.

"అవు తాతా."

గేమ్యా తిరిగి కోదాడ బస్సెక్కాడు. ఆ రాత్రి మంగ్లీ అన్నం పెడితే కంచం పక్కకు జరిపాడు.

తెల్లారి బిడ్డ లేచేలోపే నడుచుకుంటూ ఆర్చీ దగ్గరికి చేరాడు. మొదటి కారు ఆగగానే అద్దం మీద వేలితో కొట్టాడు. చేయి తన గొంతుదాకా ఎత్తి చూపించాడు.

"నీళ్లు గింతెత్తు వచ్చినయ్. నా పెండ్లాం పీనుగ గా కంపల దొరికింది. సూసి కొనుర్రి."

జగదీశ్ శాలువా పట్టుకుని పరుగున వచ్చి భుజాల మీద వేశాడు. గేమ్యా దులిపేశాడు. లోపల పాట సౌండు పెంచారు, గేమ్యా గొంతు పెంచాడు. ఇద్దరు కుర్రాళ్లు రెక్కలు పట్టి పక్కకు లాగారు. విదిలించుకుని మళ్లీ వచ్చి రెండో కారు ముందర నిలబడ్డాడు. ఎండ నెత్తికెక్కేదాకా వచ్చిన ప్రతి బండినీ ఆపి అదే మాట చెప్పాడు.