పట్టీ వేసిన చక్రం

ఆ ఉదయం ఆకాశం ఒక మాట మీద నిలబడలేదు. కాసేపు ఏకిన దూదిలా తెల్లగా పరుచుకునేది, కాసేపు ఒక మూల చిరిగి ఎండ జారేది, అంతలోనే మళ్ళీ మూసుకునేది. చిన్నకోడలు పెరటి మెట్ల మీద నిలబడి, ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని, చాలాసేపు పైకి చూసింది. ఫొటోలు తీసేవాళ్ళకి మబ్బూ మంచిదే, ఎండా మంచిదే. ఇలా ఘడియకో మాట చెప్పే ఆకాశంతోనే చిక్కు.

ఆ రోజు పాత నూలుమిల్లు పొగగొట్టం కూలుస్తున్నారు. మిల్లువాళ్ళు ఫొటోల పని వీళ్ళ స్టూడియోకే ఇచ్చారు. కూలేది ఒక్కసారే. మళ్ళీ నిలబెట్టి, 'అయ్యా, బాగా రాలేదు, ఇంకోసారి పడు' అనడానికి ఉండదు. అందుకే బావగారు మిల్లు గేటు వైపు, ఇంకొకరు కాలువగట్టు వైపు ఉండాలని మాట. ఆ ఇంకొకరు ఎప్పుడూ ఆమే. ఈసారి ఆ ఇంకొకరు ఎవరో ఎవరూ చెప్పలేదు. చెప్పలేదంటే గట్టు వైపు ఎవరూ లేరనే.

కింద స్టూడియో, పైన కాపురం. స్టూడియో గోడకి మూడు కొక్కేలు. ఒకటి స్టూడియో పెట్టిన మామగారిది, ఒకటి పెద్దకొడుకైన బావగారిది, ఒకటి ఆమెది. ఆమె మొగుడు ఓడలో ఇంజను పని చేస్తాడు. అతనికి కెమెరా పట్టుబడలేదు, ఆమెకి పట్టుబడింది. పట్టుబడేలా నేర్పింది మామగారే. కొత్తకోడలుగా వచ్చిన ఏడాదే మూడో కొక్కెం ఆయన చేత్తో కొట్టారు.

పోయిన నెల ఆమెని బడి ఆటల పోటీల ఫొటోలు తీసుకురమ్మని పంపితే, సగం నుంచీ అవన్నీ సున్నం కొట్టిన గోడల్లా వచ్చాయి. పరుగెత్తే పిల్లల కాళ్ళు కనిపించాయి గానీ ముఖాలు లేవు. బడివాళ్ళు గుమ్మంలో నిలబడి నాలుగు మాటలని వెళ్ళారు. ఆ సాయంత్రమే మామగారు ఆమె కెమెరా తీసి తన కొక్కేనికి తగిలించుకున్నారు. ఖాళీ అయిన కొక్కేనికి బావగారు తన వానకోటు సంచి తగిలించారు.

"ఏడో నెల కదమ్మా. కాన్పయ్యాక చూద్దాం లే," అన్నారు మామగారు.

ఆ ఇంట్లో 'చూద్దాం' అంటే ఏమిటో ఆమెకి తెలుసు. పెరట్లో కారే కుళాయిని ఆమె రాకముందు నుంచీ చూస్తున్నారు. మేడమీద పగిలిన కిటికీ అద్దాన్నీ చూస్తూనే ఉన్నారు. తన కొక్కెం ఆ వరుసలో చేరబోతోందని ఆమెకి అర్థమైంది.

ఫొటోలు ఎందుకు తెల్లబోయాయో ఆమె ఊరికే వదల్లేదు. అందరూ నిద్రపోయిన ఒక మధ్యాహ్నం కెమెరా మెడలో వేసుకుని స్టూడియో మెట్లు ఎక్కింది, దిగింది, వంగింది, లేచింది. ఆ కెమెరా వీపున, బొటనవేలు ఆనే చోట, ఫొటోకి వెలుగు పెంచే తగ్గించే చక్రం ఒకటుంది. ఇదివరకు కెమెరా ఆమె పొట్ట మీద ఊరికే వేలాడేది. ఇప్పుడు పొట్ట ముందుకొచ్చింది. నడిచినప్పుడల్లా గుడ్డ ఆ చక్రాన్ని ఒరుసుకుంటూ ఒక్కొక్క మెట్టే తిప్పుతోంది. చక్రానికి తాళం వేసే బొత్తాం ఎప్పుడో అరిగిపోయింది. కన్ను పెట్టి చూసే గాజులోంచి చూస్తే అంతా మామూలుగానే ఉంటుంది.

మరి వెనక తెర చూసుకుంటే తెలిసేది కదా అంటే, ఆ ఇంట్లో తెర చూడడం లేదు. మామగారు ఫిల్ము కాలం మనిషి. తీస్తూ తీస్తూ తెర చూసుకునేవాడు, గుమ్మం దాటి పదిసార్లు తాళం లాగి చూసుకునేవాడు ఒకటేనని ఆయన లెక్క. అందుకని స్టూడియోలో ఉన్న కెమెరాలన్నిటికీ తెర మీద నల్ల అట్ట కోసి, చుట్టూ జిగురుపట్టీ వేసి మూసేశారు. ఇంటికి తెచ్చి కంప్యూటరులో చూడాల్సిందే. ఊళ్ళో ఇంకే స్టూడియోలోనూ లేని చాదస్తం అది. దాని మీద ఆయనకి గర్వం కూడా.

కారణం దొరికిందని చెప్పినప్పుడు అత్తగారొక్కరే నవ్వారు. "పుట్టకముందే తాత కెమెరాలో చెయ్యి పెట్టిందన్నమాట," అన్నారు. బావగారు నవ్వలేదు. చూశావా, అందుకే ఇంట్లో ఉండమనేది అన్నారు. తను వెతికి తెచ్చిన సాక్ష్యం తన మీదికే తిరిగింది.

ఆమె మందుల డబ్బాలోంచి దెబ్బలకి వేసే తెల్ల బట్టపట్టీ తీసింది. రెండు ముక్కలు కత్తిరించింది. ఒకటి వెలుగు చక్రం మీద వేసింది. రెండోది లెన్సు పక్కన, బొమ్మ స్పష్టతని మార్చే చిన్న మీట మీద, అదీ ఒంటికి తగిలితే జారేదే కాబట్టి. చూపుడువేలి కింద తిరిగే చక్రాన్ని మాత్రం వదిలేసింది. అది తనంతట తాను తిరగదు, వేలు చెబితేనే తిరుగుతుంది. చక్రం మీది పట్టీకి ఒక కొస లోపలికి మడిచి, కుక్కపిల్ల చెవిలా చిన్నగా నిలబెట్టింది.

మామగారు దాన్ని చూసి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. నలుగురిలో నవ్వులపాలవుతామని, చెయ్యి తిరిగినవాడి కెమెరాకి కట్లు ఉండవని, వెంటనే పీకెయ్యమని చెప్పారు.

"తెర మీద అట్ట అంటించొచ్చు గానీ చక్రం మీద పట్టీ అంటించకూడదా మామయ్యా?"

ఆయన కెమెరా తీసి మళ్ళీ తన కొక్కేనికే తగిలించారు. పట్టీ మాత్రం పీకలేదు. పీకితే ఆమె మళ్ళీ వేస్తుందని తెలుసు.

ఇప్పుడు పెరటి మెట్లు దిగి స్టూడియోలోకి వచ్చి, ఆమె ఆ కొక్కెం మీద చెయ్యి వేసింది. మామగారు బల్ల దగ్గర లెన్సు తుడుస్తున్నారు. బావగారు అప్పటికే వెళ్ళిపోయారు. కెమెరా తీసి మెడలో వేసుకున్నా ఆయన తల ఎత్తలేదు. గుమ్మం దాకా వెళ్ళాక అన్నారు:

"ఈసారి తేడా వస్తే మళ్ళీ దాన్ని ముట్టుకోవు. ఒప్పుకునే వెళ్తున్నావా?"

"ఒప్పుకునే వెళ్తున్నా. తేడా రాకపోతే కొక్కెం నాది. మీరూ ఒప్పుకోండి."

ఆయన గుడ్డని ఇంకో మడత మడిచారు. ఆమె జవాబు కోసం ఆగలేదు.

కాలువగట్టు మీద జనం అప్పుడే నేల ఈనినట్టున్నారు. మిల్లులో పనిచేసి మానేసిన ముసలివాళ్ళు ముందు వరుసలో కుర్చీలేసుకు కూర్చున్నారు, పెళ్ళివారిలా. గొట్టం వాళ్ళ తలల మీదుగా, తుప్పుపట్టిన ఇనప కట్లతో, ఒళ్ళంతా ఇటికలతో నిలబడి ఉంది. ఆమె గట్టు చివర రాతి స్తంభానికి వీపు ఆనించి చోటు చేసుకుంది. తలుపులు మూసి ఉన్న మిల్లు, గొట్టం, వెనక ఆకాశం, మూడూ గాజులో ఇమిడాయి.

ఆమెని చూసి బావగారు గేటు దగ్గర నుంచి గబగబా వచ్చారు. ఎవరు రమ్మన్నారని అడిగారు. ఎవరూ రమ్మనలేదంది. ఆయన కెమెరా వైపు చూసి పెదవి విరిచారు.

"కట్టేశావు సరే. రేపు నిజంగా తిప్పాల్సొస్తే? అప్పుడు కత్తెర అడుగుతావా జనాన్ని?"

"తిరగాల్సొచ్చినప్పుడు నేను తిప్పుతా బావగారూ. నేను తిప్పనిది తిరక్కూడదు. అంతే."

ఆయన చెయ్యి విదిలించి వెళ్ళిపోయారు. టైము దగ్గరపడుతోంది.

మొదటి ఈల వేసేసరికి జనం ఒక్కసారి ముందుకు తోసుకొచ్చారు. వెనక నుంచి ఎవరిదో మోచెయ్యి, పక్క నుంచి ఎవరిదో గొడుగు. ఒకావిడ నిండు మనిషి ఉందని కేకేసి ఆపేలోపు కెమెరా ఆమె పొట్టకీ ముందున్న కుర్చీ వీపుకీ మధ్య నలిగింది. ఆమె వేలితో తడిమి చూసుకుంది. పట్టీ కదల్లేదు. మీట జారలేదు. పొట్టలోది మాత్రం గట్టిగా తన్నింది.

సరిగ్గా అప్పుడే ఆకాశం మాట మార్చింది. మబ్బు నడుమ చిరిగి, గొట్టం వెనక అంతా ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. గొట్టం ముఖం నీడలోకి పోయింది. ఇలా తీస్తే ఆ వెలుగుకి కెమెరా బెదిరిపోయి, గొట్టాన్ని బొగ్గు చేసి పెడుతుంది. ఆమె గోటితో కుక్కపిల్ల చెవి పట్టుకుని పట్టీ లేపింది. చక్రం రెండు మెట్లు తిప్పింది. పట్టీ మళ్ళీ కిందికి నొక్కింది. ఒక ఫొటో తీసింది.

రెండు మెట్లు చాలునా, మూడు కావాలా? ఇంట్లో అయితే సాయంత్రం తెలుస్తుంది. ఇక్కడ సాయంత్రానికి గొట్టం ఉండదు.

తెర మీది నల్ల అట్ట కింద గోరు పెట్టి ఆమె ఒక్క లాగు లాగింది. ఏళ్ళ నాటి జిగురు చర్మంలా సాగి ఊడింది. తెరలో గొట్టం కనిపించింది. ఇటికలు ఇటికలుగా, వాటి మధ్య సున్నపు గీతలతో సహా. ఆమె అట్టని కాలువలోకి విసిరేసి కన్ను గాజుకి ఆనించింది.

రెండో ఈల పడింది. కింద ఎక్కడో భూమి గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది. గొట్టం ఏమీ జరగనట్టే ఒక క్షణం నిలబడి, నడుం దగ్గర తడబడి, పక్కకి ఒరిగింది. ముందు వరుస ముసలివాళ్ళు ఒకరొకరుగా లేచి నిలబడ్డారు. ఒకాయన టోపీ తీశాడు. ఆమె వేలు ఆగలేదు. ఇనప కట్లు తెగి ఎగరడం, ఇటికలు విడివిడిగా గాలిలో ఉండడం, టోపీ పట్టుకున్న చెయ్యి, ఆ పైన లేచిన ఎర్ర దుమ్ము, అన్నీ గాజులోంచి పోయాయి. దుమ్ము ముఖాన కొట్టాకే కెమెరా దించింది. వేలితో మళ్ళీ తడిమింది. చక్రం ఆమె పెట్టిన చోటే ఉంది.

సాయంత్రం స్టూడియోలో కంప్యూటరు ముందు ముగ్గురూ చేరారు. ముందు బావగారివి చూశారు. గేటు వైపు నుంచి గొట్టం తెల్లటి ఆకాశం మీద కాలిన అగ్గిపుల్లలా ఉంది. పడడం పడింది, తప్పు పట్టడానికి లేదు, కానీ ఏది ఇటికో ఏది నీడో తెలియదు. తరవాత ఆమెవి. మామగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. టోపీ పట్టుకున్న చెయ్యి దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చారు. చివరికి కెమెరా చేతిలోకి తీసుకుని వీపు తిప్పి చూశారు.

"అట్ట ఏది?"

"కాలవలో పడేశాను."

"చెప్పకుండానా?"

"చెబితే చూద్దాం అంటారని."

బావగారికి దగ్గొచ్చింది. అది దగ్గో నవ్వో తేలకముందే ఆయన మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు. మామగారు బొటనవేలితో పట్టీ చెవిని ఒకసారి లేపారు, మళ్ళీ నొక్కారు. కెమెరా బల్ల మీద పెట్టారు. ఆమె చేతికీ ఇవ్వలేదు, తన కొక్కేనికీ తగిలించలేదు.

ఆమె గోడ దగ్గరికి వెళ్ళి మూడో కొక్కెం మీది వానకోటు సంచి తీసి నేల మీద పెట్టింది. బల్ల మీంచి కెమెరా తీసి, ఆ కొక్కేనికి పట్టీ పైకి కనిపించేలా తగిలించింది. మామగారు చూస్తూనే ఉన్నారు. పైనుంచి అత్తగారు అన్నానికి రమ్మని గిన్నె మీద గరిటెతో కొట్టారు.

నలుగురూ కూర్చున్నారు. అత్తగారు ఎవరి ముఖమూ చూడకుండా ముందు ఆమెకే వడ్డించారు. ఆమె పొట్ట బల్ల అంచుకి నొక్కుకుంటుంటే, బావగారు ఎడంచేత్తో బల్లని తన వైపు జానెడు లాక్కున్నారు. మామగారి జుట్టులో ఇటికల దుమ్ము ఉంది. అంటే ఆయన ఇంట్లో కూర్చుని ఉండలేదన్నమాట. ఆమె ఆ దుమ్ము చూసింది, ఆయన ఆమె చూడడం చూశారు. కింద స్టూడియోలో సంచి నేల మీదే ఉంది, దాన్ని లేపడానికి ఎవరూ వెళ్ళలేదు. ఆమె రెండోసారి అన్నం పెట్టించుకుని తింది.