ఒంటికి మార్కులు

ఆ పొద్దు ఇంట్లో కూర్చుని అండాలు తరిగిన ఉల్లిగడ్డలకు జనగామ సగం ఏడ్చే ఉంటుంది. తెలంగాణ కోసం నడిరోడ్డు మీద వంటావార్పు. ఆమె మొగుడు సోమనర్సయ్య ఆత్మగౌరవం గురించి మైకులో గంటసేపు మాట్లాడి, అలసిపోయి, ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఉల్లిగడ్డలు రోడ్డుకు పోతాయి, అండాలు మాత్రం పోదు. ఆమెకు పేగు కేన్సర్ ఆపరేషన్ చేసి, మలం పోయేందుకు కడుపు మీద సంచి అతికించినప్పటి నుంచి ఇంటి చట్టమది.

అత్త కొమురవ్వ ముక్కు సామాన్యమైంది కాదు. కాళేశ్వరంలో అగరుబత్తి ముట్టిస్తే ఇక్కడ తుమ్ముతుంది. "వాసనొస్తున్నవ్, దేవుని అర్రలకు రాకు" అంటుంది. ఆ కోడలి చేతులే పెట్టిన పప్పుచారును మాత్రం మళ్లీ మళ్లీ పోయించుకుంటుంది. పోలీసు లాఠీలకు బెదరని సోమనర్సయ్య, ఆమె సంచి మారుస్తుంటే ఒకసారి చూసి వాకిట్లోకి ఉరికాడు. ఆ రాత్రే అతని మంచం కూడా అక్కడికే మారింది. "లోపల ఉక్కపోస్తుంది" అన్నాడు. పుష్యమాసం, కుక్కలు పొయ్యిలో పడుకుంటున్న చలి.

వంటావార్పు పొద్దే దవాఖాన నుంచి శృతి అనే అమ్మాయి వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్లు తమ ఒంటిని ఎట్లా చూసుకుంటున్నారో కొలుస్తుందట. ప్రశ్నకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు. బాధ ఎక్కువైతే మార్కులెక్కువ.

"ఒళ్లు చూసుకుంటే సిగ్గనిపిస్తదా అక్కా?"

"ఏం సిగ్గు? సున్నా ఎయ్యి బిడ్డా" అన్నాడు సోమనర్సయ్య.

"నేను మునుపటి ఆడదాన్ని కాదు అనిపిస్తదా?"

"సున్నా. మా ఇంట్ల గసొంటియి లేవు."

అండాలు ఒంటికి వేరేవాళ్లు పరీక్ష రాసి పాసైపోతున్నారు.

"మనుషులకు దూరంగ ఉంటున్నవా?"

"సున్..."

"నువ్వు జర ఆగు" అంది అండాలు.

"మొగడు మాట్లాడంగ నడుమల నీ నోరేందే?" కొమురవ్వ లేచింది.

అండాలు అటు తిరగలేదు. "చెల్లె, మొదట్ల నా కడుపు జూసి నేనే జడుసుకున్న. ఇప్పుడు లేదు. గదే గద నన్ను బతికించింది. దానికి ఒకటి ఎయ్యి. మనుషులకు నేను దూరముంటలేను, నన్నే దూరం పెట్టిండ్రు. దానికి మార్కులున్నయా నీ కాయితంల?"

శృతి కాగితం అటూ ఇటూ తిప్పింది. "లేవక్కా."

"మరి మొదటికెల్లి ఆయన్నే అడుగు. నా ఒంటికి సిగ్గుపడేది ఆయన."

శృతి సోమనర్సయ్య కుర్చీ వైపు తిరిగింది. "అన్నా, అక్క ఒళ్లు చూస్తే మీకు సిగ్గనిపిస్తదా?"

జవాబు కోసం అండాలు ఆగలేదు. సంచి ఎత్తు కనబడకుండా రోజూ కప్పుకునే కొంగును తీసి నడుముకు దోపుకుని, వంటావార్పు జరుగుతున్న రోడ్డు మీదికి నడిచింది.