చేపకు అమ్మోరు పోసిన ఇంట్లో నేను

నేను ఒక నీలం రంగు ప్లాస్టిక్ టబ్బుని. చంటిపిల్లలకు నీళ్ళు పోసే రకం. నా అడుగున ఒకప్పుడు పసుపు బాతు బొమ్మ ఉండేది. అరిగి అరిగి ఇప్పుడు ముక్కు ఒక్కటే మిగిలింది. ఎక్కడో ఫ్యాక్టరీలో వేడి ముద్దగా అచ్చులో పడి, చల్లారి, నాలాంటివాళ్ళతో ఒకరిలో ఒకరం దూరి, లారీ ఎక్కి విశాఖపట్నం వచ్చాను.

నన్ను కొన్నది హోటల్లో పనిచేసే అప్పలరాజు. నాతో కాపురం చేసింది మాత్రం అతని భార్య హేమలత. పాప మోక్షితకు నీళ్ళు పోసే ముందు మోచెయ్యి ముంచి వేడి చూసేది. చూసి, నమ్మకం చాలక మళ్ళీ ముంచేది. పిల్ల ఏడిస్తే ఎందుకేడ్చిందని భయం, ఏడవకపోతే ఎందుకేడవలేదని భయం. మనుషులు పిల్లల్ని కనడంతోపాటు భయాన్ని కూడా కని, రెండింటికీ పాలు పట్టి పెంచుతారని నాకు అప్పుడే అర్థమైంది.

పిల్ల పెరిగింది. నేను పెరగలేదు. డాబా మీద బట్టల క్లిప్పులు మోసే పనికి దిగాను. "పాత ప్లాస్టిక్ సామాన్లకు ఉల్లిపాయలిస్తాం" అని బండివాడు కేకేసినప్పుడల్లా అప్పలరాజు తల్లి నూకాలమ్మ నావైపు చూసేది. ఆ చూపుకు నాకు లోపల నీళ్ళు లేకపోయినా వణుకు పుట్టేది.

ఇంతలో ఇంట్లోకి సముద్రం వచ్చింది. హోటల్ వాళ్ళు ముందుగది మార్చుకుంటూ ఉప్పునీటి అక్వేరియం తీసేస్తుంటే, అప్పలరాజు అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. దాని పక్కన వల, పైపు, మేత డబ్బా పెట్టుకోవడానికి నన్ను కిందికి దించారు. ఆ గాజుపెట్టెలో ఒకే ఒక్క చేప. నారింజ రంగు ఒంటిమీద తెల్ల పట్టీలు. మోక్షిత దానికి పులి అని పేరు పెట్టింది.

మోక్షితకు అన్నం పెట్టడమంటే ఆ ఇంట్లో రోజూ ఒక యుద్ధం. అంగన్‌వాడీలో తూచి "బరువు చాలదమ్మా" అన్నప్పటినుంచి హేమకు పిల్ల డొక్కలు చూడటమే పని. పులి వచ్చాక దారి దొరికింది. పులి ఒక రొయ్యముక్క మింగితే పిల్ల ఒక ముద్ద మింగేది. పులి కడుపు నిండాక కూడా హేమ ఖాళీ చేత్తో మేత వేస్తున్నట్టు నటించి ఇంకో రెండు ముద్దలు పెట్టేసేది.

పులికి తోడుండాలని అప్పలరాజు అదే జాతి చేపను ఇంకోదాన్ని కొనుక్కొచ్చాడు. తెచ్చిన చేత్తోనే గాజుపెట్టెలో వదిలేశాడు. మోక్షిత దానికి జున్ను అని పేరు పెట్టింది.

కొన్నాళ్ళకు జున్ను ఒంటిమీద ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు లేచాయి. రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటోంది. మేత ముట్టడం లేదు. అది ముట్టకపోతే మోక్షితా ముట్టనంది.

నూకాలమ్మ అద్దానికి మొహం ఆనించి చూసింది.

"ఓలమ్మో! ఏటే హేమా, సేపకి అమ్మోరు పోసిందే!"

"చేపకి అమ్మోరేంటత్తా?"

"ఏం, దానికి ఒళ్ళు లేదేటి? మీ ఆయనకి సిన్నప్పుడు అచ్చం ఇలాగే పోసింది. మందూ మాకూ అన్నావంటే తల్లికి కోపమొస్తాది."

గాజుపెట్టెకు వేపరెమ్మలు కట్టారు. పసుపునీళ్ళు లోపల పోయబోతుంటే హేమ అత్త చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. అమ్మోరున్న ఇంట్లో పొయ్యి మీద తాలింపు లేదు, నీచు లేదు. అంటే చేపకు రొయ్యముక్క కూడా లేదు! సముద్రంలో పుట్టినదానికి పెరుగన్నం మెతుకులు వేసిన ఇల్లు లోకంలో ఇదొక్కటే అనుకుంటాను.

విచిత్రం, చుక్కలు మాయమయ్యాయి. నూకాలమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. తల్లి దిగిందని చలివిడి చేసి వేపచెట్టు దగ్గర పెట్టి వచ్చారు. వాళ్ళ సంబరం పూర్తిగా చల్లారకముందే చుక్కలు తిరిగొచ్చాయి. ఈసారి జున్నుకే కాదు, పులికి కూడా. రెండూ మొప్పలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నాయి.

హేమ ఇంక ఆగలేదు. జున్నును అమ్మిన షఫీకి వీడియో కాల్ చేసి, ఫోను అద్దానికి దగ్గరగా పట్టుకుంది.

"చుక్కలు పోయి మళ్ళీ వచ్చాయన్నా. అమ్మవారైతే ఇలా రెండోసారి రాదు కదా?"

"అమ్మవారు కాదమ్మా, పురుగు. కడుపు నిండా తిని, కింద ఇసకలోకి రాలింది. మీరేమో తగ్గిందనుకున్నారు. అక్కడ పిల్లలు పెట్టి, పిల్లల్తో సహా ఎక్కింది. ఇంట్లో టబ్బులున్నాయా?"

హేమ నావైపు చూసింది. నన్ను ఉల్లిపాయల లెక్కలోంచి మనుషుల లెక్కలోకి లాగిన చూపు అది.

వైద్యం ఇదీ. కొత్తగా కలిపిన ఉప్పునీళ్ళు నాలో పోసి, గాలి గొట్టం పెట్టి, రెండు చేపల్నీ వేశారు. మూడో రోజు వాటిని బట్టలుతికే ఎర్ర టబ్బులోకి మార్చి, నన్ను కడిగి డాబా మీద ఎండలో బోర్లించారు. పురుగు పిల్లలు కళ్ళు తెరిచేసరికి చేపలుండవు, నీళ్ళూ ఉండవు. మళ్ళీ మూడో రోజు నా వంతు. గాజుపెట్టె రెండు నెలలకు పైగా చేపలు లేకుండా ఉండాలి. అక్కడి పురుగు ఆకలితో చావాలి. ఒక టబ్బు వల ఇంకో టబ్బుకు వాడకూడదు. ఒకసారి నూకాలమ్మ పాత చెంబు నాలో ముంచబోతే హేమ కేకేసింది:

"అత్తా, అంటు!"

ఆ ఒక్క మాట నూకాలమ్మకు షఫీ చెప్పినదంతా కలిపినా కానంత బాగా అర్థమైంది. అప్పటినుంచి ఆవిడే కాపలా.

నీళ్ళ వేడికి షఫీ థర్మామీటర్ ఇచ్చాడు. హేమ అది చూసి, ఆపైన మోచెయ్యి ముంచింది. నమ్మకం చాలక మళ్ళీ ముంచింది. ఆ మోచెయ్యి నాకు తెలుసు.

అయినా చేపలు తినలేదు. పిల్లా తినలేదు. హేమ పిల్ల చొక్కా ఎత్తి డొక్కలు చూసి, నాలోకి వంగి, "తినవే తల్లీ, నీకు పుణ్యముంటాది" అని జున్నును బతిమాలేది. చేపకు దణ్ణం పెట్టే మనిషిని చూసి నవ్వాలనిపించలేదు నాకు.

రెండోసారి నా వంతు వచ్చిన రోజు నూకాలమ్మ రొయ్యను గోటితో చిదిమి ముక్క వేసింది. పులి వచ్చి వాసన చూసి వెళ్ళింది. ముక్క మెల్లగా దిగుతూ బాతు ముక్కు మీద వాలింది. జున్ను దాని చుట్టూ తిరిగింది. గుటుక్కున మింగింది.

"జున్ను తినేసింది!" మోక్షిత గంతేసి, తనంతట తనే నోరు తెరిచింది. ఆ నోట్లో పెట్టడానికి హేమ చేతిలో ముద్ద లేదు. వంటింట్లోకి పరిగెత్తింది.

టబ్బులు మారడం అయ్యాక కూడా చేపలు నా దగ్గరే ఉన్నాయి. చుక్కలు మళ్ళీ రాలేదు. ఈసారి ఎవరూ చలివిడి చెయ్యలేదు. రెండు నెలలు దాటేదాకా రోజూ చూసి, అప్పుడు గాజుపెట్టెలో వదిలారు.

మొన్న అప్పలరాజు ఇంకో చేపను కవరులో తెచ్చి తిన్నగా గాజుపెట్టె దగ్గరికి నడిచాడు.

"ఆగరా!" నూకాలమ్మ అడ్డం నిలబడింది. "కొత్త సేపని పురుడు తీరకుండా తిన్నగా ఇంట్లో కలిపేత్తావేటి? ముందు టబ్బులో ఎట్టు."

అదే సమయానికి వీధిలో ఉల్లిపాయల బండి కేక వినబడింది. ఆవిడ కిటికీలోంచి అరిచింది. "సామాన్లు లేవు, ఎల్లు! మా ఉల్లిపాయలు మేం కొనుక్కుంటాం."

కొత్త చేప నా అడుగున బాతు ముక్కు చుట్టూ తిరుగుతోంది. హేమ చీర కుచ్చిళ్ళు దోపుకుని నా పక్కన కూర్చుని, నీళ్ళలో మోచెయ్యి ముంచింది. ఈసారి ఒక్కసారే ముంచింది.