నమూనా అక్క

షేరంటే కంపెనీలో భాగం, బాండంటే కంపెనీకి మనమిచ్చే అప్పు, ఫండంటే పదిమంది డబ్బూ ఒకచోట పోసి తెలిసినవాడి చేతిలో పెట్టడం. పెట్టుబడుల ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు టీచరమ్మ పదిహేనేళ్లుగా ఇవే ఓనమాలు దిద్దిస్తోంది. మార్కెట్టు పడిందని గుండెలు బాదుకోకండి, ఓపిక ఉన్నవాడిదే లాభం అని ఆవిడ ఊతపదం.

పాఠం చివర నామినీ కాగితం నింపి చూపించేది. నామినీ అంటే మనం పోయాక మన సొమ్ము అందుకునే మనిషి. ఆ గడిలో తాను కల్పించిన ఒక అక్కగారి పేరు రాసి, నవ్వించడానికి ఆవిడకో రూపం కూడా ఇచ్చేది. పసుపు చీర, పదకొండున్నర దగ్గర ఆగిపోయిన చేతిగడియారం. బాగు చేయించడానికి చెయ్యి రాని పిసినారి అన్నమాట. అందరూ ఆవిడను నమూనా అక్క అనేవాళ్లు. ఖాతా నంబరు మాత్రం టీచరమ్మ తనదే వేసేది, నోటికి వచ్చింది అదొక్కటే గనక. తన అసలు సంతకం పెట్టకుండా, చివర రెండు చుక్కలున్న అక్కగారి సంతకం గీసేది.

చిత్రమేమిటంటే, తన సొంత ఖాతాలో ఆ గడి ఖాళీ. నీతులున్నది ఎదుటివాళ్లకు చెప్పడానికే కదా! ఉన్నది ఒక్కగానొక్క తమ్ముడు. ఇల్లు అమ్మేటప్పుడు మాటామాటా పెరిగి, తొమ్మిదేళ్లుగా ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. వాడి పేరు రాయాలంటే ఆవిడకు చెయ్యి ఆడేది కాదు.

ఒక నెలాఖరు హడావుడిలో పాఠం కాగితం అసలు కాగితాల కట్టలో కలిసిపోయింది. పది రోజులకు ఇంటికి ఉత్తరం వచ్చింది. మీ కొత్త నామినీనీ, కొత్త సంతకాన్నీ నమోదు చేశాం అని. టీచరమ్మ మొదట పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఉత్తరం మళ్లీ చదివింది. తాను రేపు కన్నుమూస్తే ఇరవయ్యేళ్ల కష్టార్జితం లేని మనిషికి పోతుంది. తమ్ముడు చిన్నప్పుడు తన వేలు పట్టుకుని నడిచిన సంగతి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆ సాయంత్రమే వాడి పేరు రాసిన కాగితంతో ఖాతాల కౌంటరుకు వెళ్లింది.

కౌంటరులో కళ్లజోడు గుమస్తా ఆవిడకు పాత పరిచయం. కాగితం తిప్పి చూసి, కంప్యూటరు వంక చూసి, ఇబ్బందిగా కదిలాడు.

"సంతకం కలవట్లేదమ్మా."

అది తన అసలు సంతకమేననీ, ఆ రెండు చుక్కలది పాఠం కోసం గీసిందనీ, అలాంటి అక్కే లేదనీ ఆవిడ మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. గుమస్తా చేతిలో పెన్ను కింద పెట్టేశాడు.

"లేకపోవడమేంటమ్మా? మధ్యాహ్నం మీ అక్కగారు వచ్చారు కదా. పసుపు చీర కట్టుకుని. సంతకం పెట్టించి చూశాను, అచ్చుగుద్దినట్టు కలిసింది. మీరు పోయాక ఏమేం కాగితాలు తేవాలో అడిగి రాసుకున్నారు."

టీచరమ్మ కౌంటరు అంచు పట్టుకుని, ఎన్ని గంటలకు వచ్చిందని అడిగింది.

"మూడు దాటింది. ఆవిడ మాత్రం గడియారం చూసుకుని, ఇంకా పదకొండున్నరేగా అన్నారు. మీరొస్తారేమో, కూర్చోండి అన్నాను." గుమస్తా టీచరమ్మ భుజం మీదుగా వెనక వరసలోని కుర్చీల వైపు చూసి, మర్యాదగా తల ఊపాడు. "తొందరేం లేదు బాబూ, ఓపిక ఉన్నవాళ్లదే లాభం అన్నారు. అప్పట్నుంచీ అక్కడే కూర్చున్నారు."