ఒక్క గుత్తీ మిగలని హోలర్ చెట్టు

సెప్టెంబరులో ఒక పొద్దున బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వచ్చిన రోజ్‌విథా, తమ హోలర్ చెట్టును చూసి నిలబడిపోయింది. పక్కింటి ఆల్బిన్ చెట్టు నల్లటి పళ్ల గుత్తుల బరువుకి కంచె మీదికి వాలి ఉంది. తమ చెట్టుకి ఆకులు తప్ప ఏమీ లేవు.

కారణం వెతుక్కోనక్కర్లేదు. జూన్‌లో పూలన్నీ కోసింది తనే.

జనవరి నుంచి మే దాకా ఆమె గోడవైపు తిరిగి పడుకునే ఉంది. డాక్టరు దానికేదో పేరు చెప్పాడు. ఆ పేరు విన్నాక కూడా ఆమెకు లేవాలనిపించలేదు. జూన్‌లో ఒకరోజు కిటికీలోంచి హోలర్ పూల వాసన వచ్చింది. లేచింది. కత్తెర, బుట్ట పట్టుకుని వెళ్లి, పళ్లేల్లా విచ్చుకున్న తెల్లటి గుత్తులను సాయంత్రం దాకా కోస్తూనే ఉంది. నిమ్మకాయలు, పంచదార వేసి ఇరవై రెండు సీసాల షర్బత్ చేసింది. పువ్వు కోస్తే పండు ఉండదని వియన్నా నగరంలో పుట్టి పెరిగి ఈ పల్లెకు కోడలిగా వచ్చిన తనకూ తెలుసు. కానీ ఆ రోజు ఆమె మనసులో సెప్టెంబరు లేదు.

అత్తగారు క్రెసెంజ్‌కి చలికాలమంతా దగ్గు. పళ్లు ఉడికించి తీసిన రసం వేడివేడిగా తాగితేనే ఆవిడకు ఊపిరి ఆడేది. డాక్టరిచ్చే మందు ఆవిడ కిటికీలోని పూలకుండీలో పోసేది.

రోజ్‌విథా రెండు వారాలు నోరు విప్పలేదు. అత్తగారూ చెట్టు ఊసెత్తలేదు. ఎదుటివాళ్లు మౌనంగా ఉంటే అది తన మీద కోపమేనని అనుకోవడం రోజ్‌విథాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చివరికి బంగాళాదుంపలు ఒలుస్తుండగా ఉండబట్టలేకపోయింది.

"అత్తయ్యా, మీకొక మాట చెప్పాలి."

"చెప్పు. చేతులు మాత్రం ఆపకు. వాటి తోలు అవి ఊడదీసుకోవు."

"ఈ ఏడు మీ రసానికి పళ్లు లేవు. పూలన్నీ నేనే కోసేశాను."

"తెలుసు. ఈ కిటికీలోంచే చూశా. మూడో బుట్ట నిండినప్పుడే అనుకున్నా, ఈ పిల్ల ఒక్కటీ ఉంచదని."

"ఒక్క కేక వేస్తే ఆగిపోయేదాన్ని కదా!"

"ఆగిపోతావనే వెయ్యలేదు." క్రెసెంజ్ కత్తి పక్కన పెట్టింది. "ఐదు నెలలకి లేచావు. పైగా పూలు కోస్తూ పాట. ఆ పాటకి కోళ్లు బెదిరాయనుకో, అది వేరే సంగతి."

"మరి మీ దగ్గు?"

"నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్నాం దగ్గూ నేనూ. ఒక్క చలికాలం పోట్లాడుకుంటే ఏమైందిలే."

రోజ్‌విథా తల వంచుకుంది. రెండు వారాలుగా తనలో తాను బోనెక్కి సంజాయిషీ చెప్పుకుంటోంది. అడిగేవాళ్లెవరూ లేరు. తనకు తెలియకుండానే అత్తగారు ఆవిడ చలికాలపు సుఖాన్ని తీసి ఈమె బుట్టలో వేసింది. కోపమైతే ఆమెకు అలవాటే. దీన్ని ఎలా మోయాలో తెలియలేదు.

ఈ ఊళ్లో ఆమె ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. ఆ మధ్యాహ్నం బుట్ట తీసుకుని కంచె దగ్గరికి వెళ్లింది.

"ఆల్బిన్ గారూ, కాసిని పళ్లు ఇస్తారా? అత్తయ్య దగ్గుకి."

"ఇరవై రెండు సీసాలు దాచుకుని ఇంకా పళ్లా!" ముసలాయన నవ్వాడు. "క్రెసెంజ్ వదిన దగ్గితే నాకూ నిద్ర ఉండదు. కోసుకో. ముందు చెట్టుని అడుగు."

హోలర్ చెట్టు ముందు తల మీద ఏదీ ఉంచకూడదని ఆ ఊరి ఆచారం. ఆయన టోపీ తీశాడు. రోజ్‌విథా తలగుడ్డ విప్పి, కొంచెం సిగ్గుపడుతూ, "ఇస్తావా?" అంది చెట్టుతో.

"పై కొమ్మలవి పిట్టలకి వదులు. నువ్వు ఒక్కటీ ఉంచవని విన్నాలే," అన్నాడు ఆల్బిన్.

అత్తాకోడళ్లు ఫోర్కులతో గుత్తులు దువ్వి పళ్లు గిన్నెలోకి రాల్చారు. వేళ్లు ఊదా రంగు తేలాయి.

"పచ్చివి నోట్లో వేసుకోకు, కడుపు తిప్పుతుంది," అంది క్రెసెంజ్.

రసం పొంగు వచ్చింది. రోజ్‌విథా గరిటె తిప్పుతూనే, వెనక్కి చూడకుండా, "ఆ రోజు నన్ను ఆపలేదు. మీ మేలు మరిచిపోను, అత్తయ్యా," అంది.

క్రెసెంజ్ కాసేపు మాట్లాడలేదు. ఈసారి ఆ మౌనానికి రోజ్‌విథా భయపడలేదు.

"వచ్చే ఏడు మాత్రం కేకేస్తాను," అంది ముసలావిడ. "ఇప్పుడు నువ్వు తట్టుకోగలవు."

"గట్టిగానే వెయ్యండి," అంది రోజ్‌విథా.