డాక్టరు గారికని తీసిన ఫొటో

కృపావతి సీసాలకు లేబుళ్లు అంటిస్తుండగా పోస్ట్‌మ్యాన్ వచ్చాడు.

"ప్రొప్రయిటరు గారెవరండీ?"

భర్త జీవరత్నం పి.గన్నవరం వెళ్లాడని చెప్పబోయింది.

"కృపావతి గారని ఉందండి. మీరే కదా?"

జిగురు చేత్తోనే సంతకం పెట్టింది. కొబ్బరి తురిమి, పాలు తీసి, నూనె కాచి, వడకట్టేది ఆమే. ఆడవాళ్ల పేరునైతే లోను తొందరగా వస్తుందని జీవరత్నం నూనె కంపెనీని ఆమె పేరున పెట్టాడు. అమ్మకం, ప్రకటనలు అతనివి.

కవరులో వినియోగదారుల కమిషన్ నోటీసు ఉంది. ముక్తేశ్వరంలో బేబి అనే అమ్మాయి, ఈ నూనెతో జుట్టు వస్తుందన్న ప్రకటన నమ్మి ఎనిమిది సీసాలు వాడిందట. జుట్టు మొలవలేదు, మోసం చేశారు అని ఫిర్యాదు. ఆ ప్రకటన కూడా జతచేసింది. రెండు ఫొటోలు. మొదటిదాంట్లో బోడితలతో మంచం మీద కూర్చున్న మనిషి తనే.

క్యాన్సర్ మందు ఎక్కించుకునే రోజులవి. తలమీది కొంగు తియ్యనంటే జీవరత్నం, "డాక్టరు గారికి పంపాలే, ఒక్కసారి తియ్యి" అన్నాడు. రెండోది చర్చిలో సాక్ష్యం చెప్పిన ఆదివారానిది. "ఏడాదిపాటు తలమీద కొంగు తియ్యలేదండి. దేవుడు నా జుట్టు నాకు తిరిగిచ్చేడండి" అని ఆవేళ మైకులో చెప్పింది. ప్రకటనలో ఆ మాటలే ఉన్నాయి. దేవుడున్న చోట నూనె పేరుంది.

మందు ఆపేక జుట్టు దానంతటదే వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. పక్కన జీవరత్నం కూడా విన్నాడు.

సాయంత్రం అడిగితే, "వచ్చిందని నువ్వే కదా చెప్పేవు. అబద్ధమేముంది?" అన్నాడు.

అత్తగారు రూతు అందుకుంది. "పక్కింటోళ్ల పెళ్లాం ఫొటో ఎడితే ఊరుకుంటారేంటి? సొంత పెళ్లాం గనక ఎట్టేడు."

కృపావతి అన్నం వడ్డించింది. చర్చిలో తన పక్కన కూర్చునేవాళ్లు ఆ ఫొటో చూసే ఉంటారు, ఒక్కరూ చెప్పలేదు. బేబి ఎన్నాళ్లుగా కొంగు కప్పుకుని తిరుగుతోందో. జబ్బులో ఉన్నప్పుడు జీవరత్నం ముద్ద కలిపి నోట్లో పెట్టాడు. ఆ చేత్తోనే ఫొటో తీశాడు. ఆ ముద్దయినా తనకోసమే పెట్టాడా అని ఇప్పుడు ఎవరిని అడగాలి?

మర్నాడు అమలాపురంలో లాయరు నరసింహమూర్తి అఫిడవిట్ ముందు పెట్టాడు. ఆరు నెలలు ఈ నూనె రాసుకున్నాననీ, అందువల్లే జుట్టు వచ్చిందనీ అందులో ఉంది.

"పెట్టెయ్యి సంతకం" అన్నాడు జీవరత్నం.

"అబద్ధమని తేలితేనండీ?" లాయరును అడిగింది.

"మీ ఆయన చెప్పినట్టు రాసేనమ్మా. కంపెనీ మీది, ప్రకటనలో మొహం మీది. తేలితే మీ మీదికే వస్తుంది. నిజం చెప్పినా జరిమానా మీకే."

"ఆయ్" అంది కృపావతి. తెల్లకాగితం అడిగి తీసుకుంది. ఆ నూనె ఒక్కరోజూ తలకు రాసుకోలేదని రాసింది. బేబి సొమ్ము తిరిగి ఇస్తానని రాసింది.

జీవరత్నం తొంగిచూశాడు. "మతిపోయిందా? నా పరువేం కావాలి?"

"ఇన్ని కాగితాల్లో మీ పేరు ఎక్కడా లేదండి" అంది కృపావతి. "ఇప్పుడు రాస్తున్నాను."